ముద్ర కింది మాట

నాకు ఖాయంగా తెలిసినవాటిని ఒక పక్కన, ఇతరులు చెప్పగా విన్నవాటిని మరొక పక్కన పెట్టి మొదలుపెడతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఫైలు తెరిచినా ముందు ఈ పనే చేసేవాణ్ణి. ఒక్క ఫైలు విషయంలో చెయ్యలేదు. ఆలస్యంగానైనా ఇక్కడ చేస్తున్నాను.

ఖాయంగా తెలిసినవి కొన్నే. తిరుత్తణి నుంచి బస్సులో అరగంట దూరంలో ఉండే ఒక ఊరి మనిషి ఏడేళ్ళు సైన్యంలో, ఫిరంగి దళంలో పనిచేశాడు. అతనికి కుడిచెవి వినపడదు. ప్రభుత్వ వైద్యుడు పరీక్షించి ఇచ్చిన కాగితాన్ని నేను చదివాను. సైన్యం అతణ్ణి విడుదల చేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం రెండు రోజులు నా బల్ల మీద ఉంది. ఆ పుస్తకం గురించి ఫైలులో ఒక వాక్యం ఉంది. ఆ చేతిరాత నాది.

ఇక విన్నవి. ఫిరంగి పేల్చే సాధనలో చెవి నుంచి రక్తం కారిందనీ, సైనిక ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాననీ, వైద్యుల బోర్డు పనికిరావని తేల్చి ఇంటికి పంపిందనీ అతను చెప్పాడు. శబ్దానికి భయపడి, తనంతట తానే రాసిచ్చి వచ్చేశాడని అతని ఊరు చెప్పింది. రెండు మాటలకూ సాక్షి లేడు. ఊరి మాటను ఊరంతా చెప్పింది, అతని మాటను అతనొక్కడే చెప్పాడు. ఎక్కువ మంది చెప్పినంత మాత్రాన విన్న మాట తెలిసిన మాట కాదని, నా తరువాత ఈ ఉద్యోగంలోకి వచ్చిన మీకు వేరే చెప్పనవసరం లేదు.

నా గురించి రెండు ముక్కలు. నేను రసాయనశాస్త్రం చదువుకున్నాను. మొదట పూండి జలాశయం దగ్గర నీటి పరీక్షల గదిలో సహాయకుడిగా చేరాను. సీసాలో నీళ్ళు ఎంత తేటగా కనిపించినా పరీక్ష చెయ్యకుండా సంతకం పెట్టకూడదని అక్కడ నేర్చుకున్నాను. తరువాత గుమాస్తా ఉద్యోగం వచ్చి తిరువళ్ళూరులో మాజీ సైనికుల అర్జీలు చూసే ఒక చిన్న కార్యాలయంలో స్థిరపడ్డాను. వచ్చిన ప్రతి అర్జీనీ సరిచూసి, పరిశీలకుడి అభిప్రాయం రాసి పైకి పంపడం నా పని. మీలో చాలామందికి తెలుగు కంటే అరవం చదవడమే సులువని తెలుసు. అయినా ఇది తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ ముసలాయన నాతో మాట్లాడింది తెలుగులోనే.

అతను మొదటిసారి వచ్చిన రోజు నా బల్లకు ఎదురుగా నిలబడి, కుర్చీని కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"సార్, ఎడమ పక్క మాట్లాడండి. కుడి పక్కది దేశానికి ఇచ్చేసినా."

"ఏం కావాల పెద్దాయనా?"

"ఒక మాట మార్చాల సార్. ఒక్క మాటే."

అతను తెచ్చిన మంజపై, అంటే మా ప్రాంతంలో అందరూ మోసే పసుపుపచ్చ గుడ్డసంచి, అందులోంచి ఒక ఉత్తరం తీశాడు. ఉత్తరాదిలో ఉన్న ఒక రికార్డుల కార్యాలయం అంతకు ముందే అతనికి రాసిన జవాబు అది. నిల్వ గడువు తీరినందువల్ల అతని సర్వీసు కాగితాలను చాలా కాలం క్రితమే నాశనం చేశారట. మిగిలింది పెద్ద పట్టీలో ఒక్క వరుస. అందులో విడుదలకు కారణం 'స్వంత కోరిక' అని ఉంది. దీనికి విరుద్ధమైన అసలు పత్రం ఏదైనా ఉంటే, జిల్లాలోని కార్యాలయం చేత సరిచూపించి పంపవచ్చునని చివర రాశారు.

"నా బుక్కులో అట్ల లేదు సార్. పంపించేటప్పుడు ఆపీసరు చదివి చెప్పినాడు, మెడికల్ అని. నాకు ఇంగిలీసు రాదు. ఆయన చెప్పింది మాత్రం ఈ చెవితో విన్నా," అని ఎడమచెవి పట్టుకుని చూపించాడు.

"ఇన్నేండ్లు ఊరికే ఉండి ఇప్పుడెందుకు?"

"ఊళ్ళో బడి గోడకి బోర్డు కడతా ఉండారు సార్, మిలిట్రీకి పోయినోళ్ళ పేర్లతో. నా పేరు వద్దన్నాడు మా బామ్మర్ది. పారిపోయి వచ్చినోడి పేరు రాస్తే మిగతావాళ్ళకి అవమానమంట. మా ఆమె వాడితో మాట్లాడేది మానేసింది. కాగితం తెస్తే రాస్తామని కమిటీవాళ్ళు అడుగున ఒక వరస కాలీగా ఇడిసినారు."

"మెడికల్ అని మారిస్తే పింఛను కూడా వస్తాది కదా?"

"వస్తే వద్దని అంటానా సార్? దానికోసం రాలా."

పక్క బల్ల దగ్గర టైపు చేసే ఆమె చేతులు ఆగాయి. ఆ కార్యాలయంలో నా తరువాత ఎక్కువ కాలం పనిచేసింది ఆమే. మా కుర్చీలూ, రిజిస్టర్లూ, పండుగలూ, ఎవరింట్లో ఎవరికి జ్వరమో అన్నీ ఆమె లెక్కలోనే ఉండేవి.

"తాతా, ఈ అన్న దగ్గర జాగ్రత్త. పెండ్లి పత్రిక ఇస్తే పెండ్లికొడుకు నిజంగా ఉండాడా అని అడుగుతాడు," అంది.

"అడగనీ మ్మా. అడిగేవాళ్ళు లేకనే నా గతి ఇట్లయింది," అన్నాడు ముసలాయన.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందువల్ల ఇంకా జాగ్రత్త పడ్డాను. ఇష్టం కలిగినప్పుడు పరీక్ష మరింత కఠినంగా ఉండాలని నా సిద్ధాంతం.

వారం తరువాత అతను పుస్తకం తెచ్చాడు. గోధుమరంగు అట్ట, లోపల మందపాటి కాగితం, నీలినలుపు సిరాతో చేతిరాత. పేరు, నంబరు, తండ్రి పేరు, చేరిన రోజు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చివరి పేజీ అడుగున, విడుదలకు కారణం రాసే గడి మీద సగం వరకు మూడు సింహాల గుండ్రటి ముద్ర పడి ఉంది. సరిగ్గా అక్కడే కాగితం చెడిపోయి ఉంది. సిరా పలచబడి, అలుక్కుపోయి, ఒక్క అక్షరమైనా పోల్చుకోవడానికి వీలు లేకుండా ఉంది. దాని చుట్టూ ఎర్రటి, కొంత గోధుమరంగు కలిసిన మరక. మరక అంచున సన్నటి గీత. సిరాను మాపే రసాయనం వాడినప్పుడు అటువంటి అంచు ఏర్పడుతుందని నేను చదువుకున్నాను. పేజీలో ఇంకెక్కడా ఇంత మరక లేదు. ఏ మాట మారాలని అతను కోరుతున్నాడో ఆ మాట ఉండవలసిన చోటే చెరిగింది.

"పెద్దాయనా, దీని మీద ఎవరు చెయ్యి పెట్టినారు?"

"ఎవురూ పెట్టలా సార్. దేవుళ్ళ పక్కన, పూజ అలమరలో ఉండేది ఎప్పుడూ."

నా బల్ల ముందు కూర్చుని దేవుళ్ళ మీద ఒట్టు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. ఇదీ అటువంటి ఒట్టేననుకున్నాను. అతను నా ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాడని, దేవుడి పేరుతో ప్రమాణం చెయ్యలేదని, పుస్తకం ఉన్న చోటు మాత్రమే చెప్పాడని అప్పుడు నాకు తోచలేదు.

"పుస్తకం ఇక్కడే పెట్టి పొండి. అసలుది పంపకపోతే వాళ్ళు నమ్మరు."

"పోస్టులో పోతే?"

"రిజిస్టరు పోస్టు. పోదు."

అతను కాసేపు పుస్తకం మీద చెయ్యి ఉంచి, తీసేశాడు.

ఆ రెండు రోజులు నేను ఆ పేజీని చాలాసార్లు చూశాను. భూతద్దం పెట్టి చూశాను. పరీక్ష ఒక్కటీ చెయ్యలేదు. చూడడాన్నే పరీక్ష అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం అభిప్రాయం రాసే చోట ఇలా రాశాను: 'విడుదలకు కారణం తెలిపే గడిలో సిరా చెరిగి, చుట్టూ మరక ఉంది. రసాయనంతో దిద్దినట్టు అనుమానం.' మా అధికారి విశ్రాంత సైనికుడు, తక్కువ మాటల మనిషి. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం మీద వేలు పెట్టి, గట్టిగా చెప్పగలవా అని అడిగారు. అనుమానం అని మాత్రమే రాశాను సార్ అన్నాను. ఆ మాట రాస్తే న్యాయం చేసినట్టేనని అప్పుడు నిజంగా నమ్మాను. అనుమానం అనే మాట మన బల్ల మీద ఉన్నప్పుడు ఎంత చిన్నదో, రైలెక్కి రెండు వేల కిలోమీటర్లు పోయాక ఎంతదవుతుందో మీరు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలుసుకోవాలి. నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ వాక్యం సంగతి ముసలాయనకు చెప్పలేదు. అభిప్రాయాలు అర్జీదారుకు చెప్పకూడదని నియమం. ఆ నియమం ఆ రోజు నాకు చాలా సౌకర్యంగా ఉంది.

తరువాత ప్రతి నెలా మొదటి సోమవారం అతను తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు వచ్చేవాడు. తలుపు దగ్గర చెప్పులు వదిలి, నిటారుగా లోపలికి నడిచి, "కడిదం వచ్చిందా సార్?" అని అడిగేవాడు. ఉత్తరాన్ని అతను అరవంలో కడిదం అనే అనేవాడు. లేదంటే బెంచీ మీద కూర్చునేవాడు. టైపు చేసే ఆమె టీ తెప్పించేది.

"ఏం తాతా, మిలిట్రీవాడివి, లోపలికి వస్తే ఒక సెల్యూటు లేదా?"

"సెల్యూటు జీతం ఇచ్చినోళ్ళకి మ్మా. టీ ఇచ్చినోళ్ళకి వణక్కం చాలు."

"అట్లయితే రేపటి నుంచి టీ సగమే."

"సగం వణక్కం పెడతా."

వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను తల ఎత్తకుండా రాసుకునేవాణ్ణి. అతని అర్జీ పైకి వెళ్ళిన తీరు నాకొక్కడికే తెలుసు. తెలిసినవాడు ఆ నవ్వులో కలవలేడు.

జవాబు ఆయుధపూజకు ముందురోజు వచ్చింది. ఆ రోజు మా కార్యాలయంలో అల్మరాలు కడిగి, టైపు యంత్రానికీ, కంప్యూటరుకూ, రిజిస్టర్లకూ గంధం, పసుపు, కుంకుమ పెట్టి, బొరుగులు, శనగలు పంచడం రివాజు. ఏర్పాట్లన్నీ టైపు చేసే ఆమెవి. నేను ప్రతి సంవత్సరం ఆ సమయానికి ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్ళిపోయేవాణ్ణి. యంత్రానికి బొట్టు పెడితే బాగా పనిచేస్తుందనడానికి రుజువు లేదని, రుజువు లేని పనిలో నిలబడనని కొత్తగా చేరిన రోజుల్లోనే ప్రకటించాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ సంవత్సరం కూడా కవరు చేతిలో పట్టుకుని టీ కొట్టుకు వెళ్ళి, అక్కడ విప్పి చదివాను.

జిల్లా కార్యాలయమే దిద్దుబాటు జరిగిందని తెలిపినందున పత్రాన్ని అంగీకరించలేమని, పట్టీలోని కారణమే నిలుస్తుందని, అనుమానిత పత్రాన్ని విచారణ నిమిత్తం తమ వద్దే ఉంచుకున్నామని అందులో ఉంది. అనుమానం అన్న నా మాట ఆ ఉత్తరంలో నా వాక్యం నుంచి జారిపోయి, పుస్తకానికి అంటుకుంది.

మరునాడు సెలవు. మా ఇంట్లోనూ పూజే. స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న నా భార్యతో పని ఉందని చెప్పి తిరుత్తణి రైలెక్కాను. ఉత్తరం నేనే చేతికివ్వాలని బయలుదేరానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. పూజ తప్పించుకోవడం కూడా ఒక కారణమే. రెండింటిలో ఏది ఎంతో ఇప్పుడు తేల్చలేను.

వాళ్ళ ఇంటి వసారాలో కడిగిన పలక మీద ఒక కుట్టుమిషను, రెండు కొడవళ్ళు, గడ్డపార, తాపీ ఉన్నాయి. అన్నిటికీ పసుపు, దాని మీద కుంకుమ. మధ్యలో ఒక చోట మడతపెట్టిన తెల్లటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద ఏమీ లేదు. ముసలాయన భార్య పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను నేను చూడడం అదే మొదటిసారి.

"రండి సార్, రండి," అని అతను లేచాడు. "చెప్పినా కదా, ఈయనే మన పుస్తకం పంపించిన సారు."

"బుక్కు తెచ్చినారా నాయనా? పూజకి అందితే బాగుండునని చూస్తా ఉండా," అందామె, ఆ తెల్లటి గుడ్డ వైపు చూపిస్తూ.

"పుస్తకానికి కూడా పూజనా అమ్మా?"

"ఆయన ఆయుధం అదే కదా నాయనా. తుపాకీ వాళ్ళే తీసిపెట్టుకున్నారు."

ముసలాయన నవ్వాడు. నాకు అడగవలసిన ప్రశ్న అప్పుడు తోచింది. అది నోట్లోంచి వచ్చేలోగానే జవాబు కూడా తెలిసిపోయింది.

"బొట్టు యాడ పెడతావమ్మా, పుస్తకానికి?"

"కడా పేజీలో గుండ్రంగా ముద్ర ఉండాదే, సింహాలది, దాని మీద. నాకు అక్షరాలు రావు. సర్కారు మొగం అదే అనుకున్నా. పెండ్లయిన యేటి నుంచి ఒక్క యేడు తప్పలా. మీ కాడికి పంపేటప్పుడు మాత్రం తడిగుడ్డతో గట్టిగా తుడిచి ఇచ్చినా. బొట్టుతో తీసుకపోతే ఆపీసులో నగుతారు కదా."

నలభైకి పైగా పండుగలు. పసుపు, దాని మీద కుంకుమ, మళ్ళీ పసుపు. ఆ తరువాత ఒకే ఒక్కసారి తడిగుడ్డ. వడపోత కాగితం మీద నీటి చుక్క పడితే అంచున గీత ఏర్పడుతుందని బడిపిల్లలకు కూడా చూపిస్తారు. నేను దానికి రసాయనం అని పేరు పెట్టాను.

"కడిదం వచ్చిందా సార్?" అన్నాడు ముసలాయన.

వచ్చిందన్నాను. చదవమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా మాటల్లో చెప్పడం మొదలుపెట్టి, ఒక చోట ఆగి, ఒక వాక్యం దాటవేశాను.

"ఒప్పుకోలా పెద్దాయనా. ముద్ర కాడ రాత సరిగా కనపడలేదంట."

"కనపడకపోతే నన్ను అడగాల కదా? నేను చెప్పుండేవాణ్ణే. బుక్కు యాడ?"

"వాళ్ళ కాడే పెట్టుకున్నారు. విచారణ ఉందంట."

"నా మీదనా?"

"కాగితం మీద."

ఏడేళ్ళ సైన్యంలో పైవాళ్ళు చెప్పేది ఎలా వినాలో అతను నేర్చుకుని ఉంటాడు. "సరి సార్. విచారణ అయితే మంచిదే. నిజం తేలుతుంది," అన్నాడు. అతని భార్య పళ్ళెం ఇంకా చేతిలోనే పట్టుకుని, కుంకుమ అంటిన తన ఉంగరపు వేలును చూసుకుంటూ ఉంది.

బస్సు ఆగే చోటు వరకు ఆమె నాతో వచ్చింది. సగం దారిలో ఆగింది.

"నాయనా, నేను తుడిచినందుకేనా?"

"కాదమ్మా. నేను రాసినందుకు." ఏమి రాశానో చెప్పాను. నియమాన్ని మీరడం నా సర్వీసులో అదొక్కసారే.

ఆమె కోపగించుకుంటుందని ఎదురుచూశాను. కోపగించుకుంటే బాగుండేది.

"మీరు రాయకపోయినా అక్షరం కనపడేది కాదు కదా," అంది.

ఆ వాదనలో తప్పు పట్టుకోలేకపోయాను.

"ఆయనకి చెప్పొద్దు నాయనా. నన్ను ఒక్క మాట కూడా అనడు. అనడు కాబట్టే చెప్పొద్దంటా ఉండా. పైనోళ్ళు ఎవురో చేసినారని అనుకోనీ."

చెప్పనన్నాను. ఆమె చేసిందానికీ నేను చేసిందానికీ పైనున్న ఎవరి పేరో పెట్టి, అతని ఎడమచెవికి కూడా వినపడకుండా ఇద్దరం దాచాం.

సెలవు తరువాత కార్యాలయంలో ఈ సంగతి టైపు చేసే ఆమెకు చెప్పాను. ఆమె లేచి స్టాకు రిజిస్టరు తెచ్చి, మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. మా కార్యాలయం ముద్ర మీద అదే ఎర్రటి, గోధుమరంగు మరక, అదే వెడల్పున. ముద్ర కింద రాసిన అక్షరాలు పోల్చుకునేందుకు వీలు లేదు.

"ఇది నేను ఇరవై ఏండ్లుగా పెడతా ఉండే బొట్టు అన్నా. ఆ బుక్కు వచ్చినప్పుడు నాకు ఒక్కసారి చూపించుంటే..."

"చూపించలేదు."

"మీరు ఎవరికీ చూపించరు. అదే మీ రోగం."

ఆ సాయంత్రం నీలినలుపు సిరా సీసా ఒకటి వెతికి కొన్నాను. పాత లెడ్జరు కాగితం మీద కొన్ని మాటలు రాసి, ఆరాక, రోజుకొకసారి చొప్పున నలభై రోజులు పసుపు, కుంకుమ పెట్టాను. నా భార్య తన పూజపళ్ళెం రోజూ నాకు ఇచ్చేది. పక్కన బొట్టు పెట్టని కాగితం ఒకటి పోలిక కోసం ఉంచాను. చివరి రోజున తడిగుడ్డతో తుడిచాను. మరక, అంచున గీత, అలుక్కుపోయిన అక్షరాలు, అన్నీ ఆ పుస్తకంలో చూసినట్టే వచ్చాయి. తరువాత ఆ కాగితాన్ని వెలుగుకు అడ్డంగా పట్టుకుని వెనకనుంచి చూశాను. ప్రతి అక్షరమూ చదవగలిగాను. ఆ సిరాలో ఇనుము ఉంటుంది. అది కాగితం పోగుల్లోకి దిగిపోతుంది. పైన ఎంత తుడిచినా లోపలిది పోదు. ఇది నాకు తెలియని విషయం కాదు. దీని మీద పరీక్షలో జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నలభై రోజులు నలభై సంవత్సరాలతో సమానం కావని ఒప్పుకుంటాను. అయినా ప్రయత్నించదగిన పని అది.

అప్పటికే నా అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటూ ఒక ఉత్తరం రాశాను. మొదటి అభిప్రాయం పత్రాన్ని చూసి రాసినది, రెండోది చూడకుండా రాసినది, కనుక మొదటిదే నిలుస్తుందని జవాబు వచ్చింది. వాళ్ళ తర్కంలో కూడా తప్పు పట్టుకోలేకపోయాను. అది నా తర్కమే. ప్రయోగం తరువాత రెండో ఉత్తరం రాశాను. అందులో కోరింది ఒక్కటే: దయచేసి ఆ చివరి పేజీని పగటి వెలుగుకు ఎదురుగా పట్టుకుని వెనకనుంచి చదవగలరు. దానికి జవాబు రాలేదు. గుర్తుచేస్తూ మరొకటి రాశాను. దానికీ రాలేదు.

ముసలాయన భార్యకు ఫోను చేసి, అక్షరం పోలేదని, వెలుగులో చూస్తే కనపడుతుందని చెప్పాను. తన వల్లే పోయిందన్న ఆమె బాధ తగ్గించడానికే ఆ ఫోను.

"అయితే చూడమని చెప్పు నాయనా."

"చెప్పినానమ్మా."

"చూస్తారా?"

ఆ తరువాత నెలకొకసారి ఆమె ఫోను చేసేది. "చూసినారా నాయనా?" అనేది. లేదనేవాణ్ణి. సరి అని పెట్టేసేది.

అతను చివరిసారి కార్యాలయానికి వచ్చినప్పుడు కర్ర పట్టుకుని వచ్చాడు. టీ వద్దన్నాడు. కుర్చీని ఎప్పటిలాగే జరుపుకుని, నాకు దగ్గరగా వంగాడు.

"సార్, ఒక అర్జీ రాసి పెట్టండి. తప్పు నాదే, భయపడి నేనే రాసిచ్చి వచ్చేసినానని రాయండి. కయ్యెళుత్తు పెడతా. అప్పుడు బుక్కు ఇచ్చేస్తారు కదా?"

"అట్ల ఎందుకు రాయాల పెద్దాయనా? అది నిజమా?"

"నిజం కాదు. అయినా రాయండి. మా ఆమె మనిషి మనిషిగా లేదు. పోయిన పండగప్పుడు ఆ తెల్లగుడ్డ ముందర కూచుని ఒకటే ఏడుపు. పూజకి బుక్కు లేదని దిగులు సార్ దానికి. బోర్డులో పేరు లేకపోతే పోయింది. బుక్కు తెచ్చి దాని చేతిలో పెట్టాల."

ఆమె ఎందుకు ఏడుస్తుందో నాకు తెలుసు. చెప్పనని మాట ఇచ్చినవాణ్ణి. టైపు చేసే ఆమె నా వైపు చూసి, లేచి బయటికి వెళ్ళిపోయింది.

భయపడి వచ్చానన్న వాక్యం రాయలేదు. ఆ మాట మార్చాలన్న కోరికను వెనక్కి తీసుకుంటున్నానని, పుస్తకం తిరిగి ఇప్పించమని మాత్రం రాశాను. అతను అడుగున తన కయ్యెళుత్తు, అంటే సంతకం, పెట్టాడు. విచారణ పూర్తి కానందున పత్రం ఇవ్వడం కుదరదని రెండు నెలలకు జవాబు వచ్చింది. విచారణ ఎవరు చేస్తున్నారో, ఎప్పుడు మొదలైందో అందులో లేదు. ఆ జవాబు అతనికి చదివి వినిపించే అవసరం రాలేదు. పన్నెండు రోజుల ముందే అతను పోయాడు.

బోర్డు నేను చూశాను. పేర్ల అడుగున వదిలిన ఖాళీ వరుసలో రంగు కొనిచ్చిన దాత పేరు ఉంది. ఆ దాత ఎవరో విచారించలేదు. అతని భార్య కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నెలనెలా వచ్చే ఫోను ఆగిపోయింది. పదవీ విరమణ తరువాత నా సొంత పేరు మీద మళ్ళీ ఒక ఉత్తరం రాశాను. మీకు ఈ వ్యవహారంతో సంబంధం లేదని ఈసారి వెంటనే జవాబు వచ్చింది.

ఆ ముద్ర కింద ఏ మాట ఉందన్నది ఒక్కటే నాకు మిగిలిన ప్రశ్న. మెడికల్ అని ఉండవచ్చు. స్వంత కోరిక అనే ఉండవచ్చు. పనికిరాని చెవివాళ్ళ చేత వాళ్ళకు రాని భాషలో సంతకం పెట్టించుకుని ఆ మాటే రాసి పంపిన సందర్భాలు ఉన్నాయని విన్నాను, రుజువు చూడలేదు. స్వంత కోరిక అని ఉంటే బాగుండునని కొన్నిసార్లు ఆశపడతాను. అప్పుడు నా వాక్యం వల్ల ఎవరికీ పోయింది లేదు. ఒక చనిపోయిన మనిషి అబద్ధం చెప్పి ఉండాలని కోరుకునే స్థితికి వచ్చానని గ్రహించి, ఆ ఆశను పక్కన పెడతాను. మళ్ళీ కొన్నాళ్ళకు అది వస్తుంది.

ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి కారణం మాత్రం ఖాయంగా తెలిసినవాటిలో చేర్చగలను. ఆ పుస్తకం ఉన్న గదిలో కిటికీ ఉండే ఉంటుంది. ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి, నాలుగు అడుగులు వేసి, ఒక పేజీని వెలుగుకు ఎత్తి పట్టుకోవాలి. ఆ పుస్తకం నా బల్ల మీద రెండు రోజులు ఉంది. నా కుర్చీ కిటికీ పక్కనే ఉండేది.